విరిగిన చీలమండ: ఎముక అతకడం, కీలు కుదరడం

చీలమండ అనేది ఒక ఎముక పేరు కాదు, మూడు ఎముకలు కలిసి ఏర్పరచే కీలు పేరు. మోకాలి నుంచి కిందికి దిగే రెండు ఎముకలలో లోపలివైపున లావుగా ఉండి శరీరం బరువులో అధికభాగాన్ని మోసేదాన్ని అంతర్జంఘిక అనీ, బయటివైపున సన్నగా ఉండేదాన్ని బహిర్జంఘిక అనీ వ్యవహరిస్తారు. పాదానికి ఇరువైపులా చర్మం కింద చేతికి తగిలే గుబ్బలు ఈ రెండు ఎముకల కింది కొసలే. వడ్రంగి ఒక చెక్కలో తొలిచిన గాడిలో మరో చెక్క కొసను వదులు లేకుండా కూర్చినట్టు, ఈ గుబ్బల నడుమ ఏర్పడిన గూటిలో పాదపు పై ఎముక అయిన టేలస్ ఇమిడి ఉంటుంది. ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి కణజాలాన్ని సంధిబంధనం లేదా లిగమెంట్ అంటారు. లోపలి గుబ్బ నుంచి పాదానికి దిగే బంధనం, బయటి గుబ్బ నుంచి పాదానికి దిగే బంధనాలు, పై రెండు ఎముకలను ఒకదానికొకటి పట్టి ఉంచే సిండెస్మోసిస్ అనే బంధనాల సముదాయం కలిసి ఈ గూడు చెదరకుండా కాపాడతాయి.

ఈ నిర్మాణాన్ని ముందుగా చెప్పుకోవడానికి కారణం ఉంది. చీలమండ విరిగిన రోగి, అతని కుటుంబం సాధారణంగా అడిగే ప్రశ్న ‘ఎముక ఎన్నాళ్లకు అతుకుతుంది’ అన్నది. నిజానికి ఆరోగ్యవంతుల్లో ఇక్కడి ఎముకలు చాలావరకు ఆరు నుంచి పన్నెండు వారాల్లో అతుకుతాయి, వంకరగా ఉన్నా అతుకుతాయి. ఆ వంకరతో అతకడమే అసలు ప్రమాదం. టేలస్ తన గూటిలో ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగినా కీలు ఉపరితలాలు ఒకదానికొకటి ఆనే విస్తీర్ణం 42 శాతం తగ్గిపోతుందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే పరిశోధకులు ప్రకటించారు. తర్వాతి ప్రయోగాలలో ఈ అంకెపై భేదాలు వచ్చినా, అసలు సూత్రం చాలావరకు నిలిచింది. ఆనే చోటు తగ్గితే అదే బరువు చిన్న చోటుపై పడుతుంది, ఎముకల కొసలను కప్పి ఉంచే నున్నని మృదులాస్థి అరిగిపోతుంది, కొన్నేళ్ల తర్వాత కీళ్లవాతం మొదలవుతుంది. మోకాలి అరుగుదల ఎక్కువగా వయసుతో వస్తుంది. చీలమండ అరుగుదల మాత్రం ఎక్కువమందిలో పాత దెబ్బ వల్లనే వస్తుంది. అందువల్ల ఈ విరుపుకు జరిగే చికిత్స అంతటికీ లక్ష్యం కీలు యథాస్థానంలో కుదరడమే, ఎముక అతకడం దాని వెంట వచ్చే ఫలితం.

ఎలా విరుగుతుంది

చీలమండ విరుపులలో అధికభాగం పెద్ద ప్రమాదాల వల్ల కాక, నేలపై ఆనిన పాదం ఒకవైపుకూ శరీరం మరోవైపుకూ తిరగడం వల్ల సంభవిస్తాయి. చివరి మెట్టు ఉందనుకోకుండా కాలు వేయడం, తడిసిన బండలపై జారడం, పొలం గట్టు విరిగి కాలు మెలిక పడటం, రోడ్డు గుంతలో పాదం పక్కకు ఒరిగిపోవడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. పాదం ఏ వైపుకు తిరిగింది, ఎంత బలంతో తిరిగింది అన్నదాన్ని బట్టి ఏ బంధనం ముందు తెగుతుందో, ఏ ఎముక తర్వాత విరుగుతుందో ఒక క్రమం ఉంటుందని డెన్మార్క్ వైద్యుడు లాగె-హాన్సెన్ 1950 ప్రాంతంలో ప్రయోగాల ద్వారా చూపించాడు. ‘పాదం ఎలా తిరిగింది’ అని క్యాజువాలిటీలో వైద్యుడు పదేపదే అడగడం వెనుక ఉన్న ఉద్దేశం ఇదే కనుక, రోగి దానికి గుర్తున్నంతవరకు జవాబు చెప్పడం మేలు.

తెలుగు జిల్లాల ఆసుపత్రులకు వచ్చే రోగులలో ద్విచక్రవాహనాల నుంచి పడినవారు చాలామంది ఉంటారు. బండి ఒకవైపుకు ఒరిగిపోయినప్పుడు దాని బరువంతా కింద ఇరుక్కున్న చీలమండపై పడుతుంది. పాదానికి రబ్బరు చెప్పు తప్ప మరే రక్షణ లేకపోవడంతో చర్మం కూడా చీలి ఎముక బయటపడుతుంది. వెనక సీటుపై ఒకవైపుకు కాళ్లు పెట్టి కూర్చునే స్త్రీలకూ, వెనక చక్రం ఊచల్లో కాలు ఇరికించుకునే పిల్లలకూ ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పిల్లల ఎముకల కొసల దగ్గర ఎముక పొడవు పెరగడానికి ఆధారమైన ఎదుగుదల పొర ఉంటుంది. అది దెబ్బతింటే కాలు పొట్టి కావడమో వంకర తిరగడమో జరగవచ్చు కాబట్టి, పిల్లల చీలమండ వాపును ‘బెణుకే కదా’ అని వదిలేయకూడదు.

ఎత్తు నుంచి పడటం వేరే రకం విరుపును కలిగిస్తుంది. తాటిచెట్టు మీద నుంచో, కట్టడాల దగ్గర పరంజా మీద నుంచో పాదాలపై పడినవారిలో టేలస్ పైకి గుద్దుకుని అంతర్జంఘిక కింది కప్పును ముక్కలు ముక్కలుగా పగలగొడుతుంది. దీన్ని పైలాన్ విరుపు అంటారు. మెలిక వల్ల వచ్చే విరుపుకూ దీనికీ చికిత్సలోనూ ఫలితంలోనూ చాలా తేడా ఉంది. ఇక్కడ బరువు మోసే ఉపరితలమే నుజ్జయి ఉంటుంది. ఇలా పడినవారిలో మడమ ఎముక, వెన్నుపూస కూడా విరిగి ఉండే అవకాశం ఉన్నందున వాటిని కూడా పరీక్షించమని బంధువులు గుర్తుచేయడం తప్పు కాదు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో పంపిణీ మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్ల వంటి మోకు, బెల్టు ఏర్పాట్లు ఈ రకం విరుపులకు శస్త్రచికిత్స కంటే మేలైన జవాబు.

వయసును బట్టి చూస్తే చీలమండ విరుపులు యువకులలో ఎక్కువగానూ, మళ్లీ యాభై దాటిన స్త్రీలలో ఎక్కువగానూ కనిపిస్తాయి. తుంటి విరుపుకు ఎముకలు గుల్లబారడం ప్రధాన కారణమైతే, చీలమండ విషయంలో అధిక బరువు పాత్ర అంతకంటే స్పష్టం. పొగాకు, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు, డి విటమిన్ లోపం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, మూత్రపిండాల జబ్బు ఎముకను బలహీనపరుస్తాయి. మధుమేహం ఎముకనే కాక నొప్పిని తెలిపే నాడులను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి దాని గురించి కింద విడిగా చెప్పుకోవలసి ఉంది.

ఆసుపత్రిలోనే పడిపోయేవారు

మరేదో జబ్బుతో చేరిన రోగి వార్డులోనే జారిపడి చీలమండ విరగ్గొట్టుకోవడం అరుదైన విషయం కాదు, కానీ దాని గురించి మాట్లాడేవారే తక్కువ. నిద్రమాత్రలు మత్తును మిగులుస్తాయి. రక్తపోటు మందులు మంచం మీద నుంచి లేచి నిలబడగానే తల తిరిగేలా చేయవచ్చు. మూత్రం ఎక్కువగా పోయే మందులు అర్ధరాత్రి మూత్రశాలకు పరుగెత్తిస్తాయి. ఇన్సులిన్ తీసుకుని అన్నం తినని రోగికి చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినవారికి కాళ్లు తమవి కానట్టు ఉండే కొన్ని గంటలలో తమంతట తాము లేవాలని ప్రయత్నించడం మరో ప్రమాదం. వారాల తరబడి మంచాన ఉన్నవారి పిక్క కండరాలు బలం కోల్పోయి, పాదం తడబడుతుంది.

వీటిలో చాలావాటిని ఆపవచ్చు. మంచం ఎత్తు తగ్గించి పక్క కమ్మీలు లేపి ఉంచడం, రాత్రిపూట మూత్రశాల దారిలో చిన్న దీపం వెలగనివ్వడం, సెలైన్ స్టాండును తోసుకుంటూ ఒంటరిగా నడవనివ్వకపోవడం, కొత్త మందు మొదలైన రోజు లేచే ముందు కొన్ని నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టడం, అరిగిన హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించడం వంటివి ఖర్చు లేని పనులు. రోగి వెంట ఉండే బంధువు పగలంతా మెలకువగా ఉండి రాత్రి గాఢనిద్రలో పడిపోతే, పడిపోయే ప్రమాదం సరిగ్గా ఆ వేళలోనే ఉంటుంది. ఇద్దరు వంతులు వేసుకోగలిగిన కుటుంబం అలా చేయడం మంచిది. పడిపోయిన రోగిని హడావిడిగా చంకలు పట్టి లేపకుండా, నర్సును పిలిచి తల, నడుము, తుంటి, చీలమండ చూసిన తర్వాతే కదిలించాలి.

బెణుకా, విరుపా

బెణుకు అంటే బంధనం సాగడం లేదా చిరగడం, విరుపు అంటే ఎముకలో పగులు ఏర్పడటం. రెండింటిలోనూ వాపు, కమిలిన రంగు, నొప్పి ఒకేలా ఉండటంతో చూపుతో తేల్చడం కష్టం. కెనడాలోని ఆటవా నగరంలో ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు 1992లో రూపొందించిన సూత్రాలు ఈ విషయంలో ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. చీలమండ ప్రాంతంలో నొప్పి ఉండి, లోపలి లేదా బయటి గుబ్బ వెనక అంచు మీదా కొస మీదా కింది ఆరు సెంటీమీటర్ల మేర ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత ఆసుపత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలన్నది వాటి సారాంశం. ‘నడవగలుగుతున్నాడు కాబట్టి విరగలేదు’ అన్న ఇంటింటి మాట ఈ సూత్రాలలో సగాన్నే పట్టుకుంది. నొక్కి చూడటం అన్న రెండో సగం లేకుండా అది నమ్మదగింది కాదు. మద్యం మత్తులో ఉన్నవారికీ, మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికీ ఈ సూత్రాలు వర్తించవు. వారికి వాపు ఉంటే చాలు, ఎక్స్‌రే తీయవలసిందే.

మొదటి కొన్ని గంటలలో ఇంట్లో చేసేది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. కాలి మెట్టెలు, పట్టీలు, కడియాలు వాపు పెరగకముందే తీసేయాలి, ఎందుకంటే తర్వాత అవి రక్తప్రసరణను అడ్డుకుంటాయి, కత్తిరించవలసి వస్తుంది. కాలు ఉన్న భంగిమలోనే అటూ ఇటూ అట్టముక్కో దిండో పెట్టి వదులుగా కట్టి, గుండె కంటే ఎత్తులో ఉంచి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదిహేను, ఇరవై నిమిషాలపాటు ఆనించవచ్చు. వేడి కాపడం, నూనె మర్దన, ‘నరం సర్దడం’ పేరిట పాదాన్ని లాగడం, సున్నం పసుపు పట్టు, చింతపండు ఉప్పు పట్టు వేయడం చేయకూడదు. ఈ పట్టులు వేసేవారి ఉద్దేశం మంచిదే. కానీ చీలమండపై చర్మం పలచనిది, కింద కండ లేనిది, వాపుతో ఉబ్బి బొబ్బలెత్తబోయే ఆ చర్మం సున్నానికి కాలిపోతే శస్త్రచికిత్స వారాలపాటు వాయిదా పడుతుంది. గాయం నుంచి ఎముక కనిపిస్తే దాన్ని లోపలికి నెట్టకుండా శుభ్రమైన గుడ్డ కప్పి 108 వాహనంలో తరలించాలి. ఇలాంటి బహిరంగ విరుపులో వీలైతే గంటలోపే యాంటిబయాటిక్ ఇంజెక్షన్ పడటం, ధనుర్వాతం టీకా వేయడం, ఆపరేషన్ గదిలో గాయాన్ని కడిగి శుభ్రపరచడం కాలిని కాపాడే పనులు.

పుత్తూరు కట్టు గురించి ఇక్కడ చెప్పకపోతే తెలుగు పాఠకుడికి ఈ అధ్యాయం అసంపూర్ణంగా ఉంటుంది. తిరుపతికి దగ్గరలోని పుత్తూరు ప్రాంతంలో తరతరాలుగా సాగుతున్న ఈ వైద్యానికి రాయలసీమ నుంచే కాక తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. వెదురుబద్దలతో, ఆకు పసరుతో, కోడిగుడ్డు సొనతో, గుడ్డతో వేసే కట్టు మీద వారికి ఉన్న నమ్మకం వట్టి అమాయకత్వం కాదు, తక్కువ ఖర్చులో నడవగలిగిన బంధువులను వారు కళ్లారా చూశారు. ముంజేయి నడుమనో, చేతి వేలికో వచ్చిన జరగని పగులును ఏ కట్టు కదలకుండా పట్టి ఉంచినా శరీరం అతికించుకుంటుంది. చీలమండ విషయం వేరు: ఇక్కడ తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది, దాన్ని చేతి స్పర్శతో కనిపెట్టడం ఎంతటి అనుభవజ్ఞుడికీ సాధ్యం కాదు, పైగా వాపు పెరుగుతున్న కాలికి చుట్టూ బిగించిన కట్టు రక్తప్రసరణను ఆపి వేళ్లు కుళ్లేంత ప్రమాదం తెస్తుంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఎక్స్‌రే తీయించుకుని, కీలు చెదిరిందో లేదో ఎముకల వైద్యుడితో చెప్పించుకోవడం రోగి తనకు తాను చేసుకోగల కనీస న్యాయం.

స్థిరమా, అస్థిరమా

ఆసుపత్రిలో ఎక్స్‌రేను మూడు కోణాల నుంచి తీస్తారు. ఎదుట నుంచి, పక్క నుంచి తీసేవి కాక, కాలిని పదిహేను, ఇరవై డిగ్రీలు లోపలికి తిప్పి తీసే మూడో చిత్రంలో గూడు మొత్తం స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి గుబ్బకూ టేలస్‌కూ మధ్య ఉన్న సందు నాలుగు మిల్లీమీటర్లు దాటితే లోపలి బంధనం తెగి ఉంటుందని అనుమానిస్తారు. బయటి ఎముక సిండెస్మోసిస్ మట్టం కంటే కింద విరిగితే ఎ రకం అనీ, ఆ మట్టంలో విరిగితే బి రకం అనీ, పైన విరిగితే సి రకం అనీ డానిస్, వెబర్ పేర్లతో ఉన్న వర్గీకరణ చెబుతుంది. ఎ రకం చాలావరకు స్థిరం, సి రకం చాలావరకు అస్థిరం, బి రకం రెండూ కావచ్చు. వెనకవైపు అంచు విరిగితే సీటీ స్కాన్ అవసరమవుతుంది. లోపలివైపు నొప్పి ఉండి చీలమండ ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే మోకాలి కింద బహిర్జంఘిక పై భాగాన్ని కూడా నొక్కి చూడాలి, ఎందుకంటే మెలిక బలం ఎముకల నడుమ పైకి పాకి అక్కడ విరగ్గొట్టే రకం ఒకటి ఉంది. ఫ్రెంచి శస్త్రవైద్యుడు మేసోనోవ్ పేరుతో ప్రసిద్ధమైన ఈ విరుపును తొలిరోజు గుర్తించకపోతే రోగి చాలా నష్టపోతాడు.

స్థిరత్వం అన్న ఒక్క మాట చుట్టూ చికిత్స నిర్ణయం తిరుగుతుంది. బయటి గుబ్బ ఒక్కటే విరిగి, లోపలి బంధనం చెక్కుచెదరక, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కూడా టేలస్ జరగకపోతే దానికి ఆపరేషన్ అక్కర లేదు. అలాంటి రోగికి నడకబూటో, పిండికట్టో వేసి, భరించగలిగినంత బరువు మోపి నడవనిస్తారు. ఆరు వారాలలో చాలామంది సాధారణ చెప్పులకు వస్తారు. ఇలాంటి విరుపుకు కూడా ప్లేటు వేయించుకోవాలని పట్టుబట్టే కుటుంబాలు ఉన్నాయి. ఆ పట్టుదల వల్ల కుట్ల గాయం, చీము పట్టే ప్రమాదం అదనంగా వస్తాయి తప్ప లాభం లేదు. రెండువైపులా విరిగినా, ఒకవైపు ఎముకా మరోవైపు బంధనమూ తెగినా, టేలస్ పక్కకు జరిగినా కీలు అస్థిరం. సాధారణంగా శస్త్రచికిత్స మేలు.

కీలు పూర్తిగా తప్పి పాదం వంకర తిరిగి ఉంటే అన్నిటికంటే ముందు, నొప్పి తెలియకుండా మందు ఇచ్చి, దాన్ని స్థానానికి లాగి కట్టు వేయాలి. సాగి తెల్లబడిన చర్మం గంటల్లో చచ్చిపోతుంది కనుక ఈ పని ఆపరేషన్ తేదీ కోసం ఆగదు. ఆ తర్వాత శస్త్రచికిత్సను ఎప్పుడు చేయాలన్నది ఎముక కంటే చర్మమే నిర్ణయిస్తుంది. వాపు రాకముందే, తొలి కొన్ని గంటలలో చేయడం కుదరకపోతే, కాలును ఎత్తి ఉంచి వాపు తీసి, చర్మంపై సన్నని ముడతలు మళ్లీ కనిపించేదాకా ఐదు నుంచి పద్నాలుగు రోజులు ఆగుతారు. ‘చేర్చుకుని వారమైంది, ఇంకా ఆపరేషన్ చేయలేదు’ అని బంధువులు ఆందోళన పడే ఆ వారం వృథా కాదు. ఉబ్బిన చర్మాన్ని కోస్తే కుట్లు విడిపోయి ప్లేటు బయటపడుతుంది. బాగా నుజ్జయిన విరుపులలో ఈలోగా ఎముకలోకి కడ్డీలు దించి బయట చట్రం బిగించి కీలును నిలబెట్టి ఉంచుతారు.

శస్త్రచికిత్సలో ముక్కలను తెరిచి యథాస్థానంలో అమర్చి స్టీలు లేదా టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు; 1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ఎ.ఓ. బృందం ఈ పద్ధతికి నియమాలు దిద్ది ప్రపంచానికి నేర్పింది. సాధారణంగా బయటి ఎముకకు ప్లేటు, లోపలి గుబ్బకు రెండు స్క్రూలు లేదా తీగ, సిండెస్మోసిస్ విడిపోతే రెండు ఎముకలనూ కలుపుతూ ఒక స్క్రూ లేదా గట్టి దారం వేస్తారు. వీటిని అందరికీ తీసేయనవసరం లేదు. చర్మం కింద ఒరుసుకుని బాధిస్తేనో, చీము పడితేనో తీస్తారు.

వయసు మీరినవారి విషయంలో శస్త్రచికిత్స ఒక్కటే దారి కాదని ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రులలో అరవై దాటిన 620 మంది అస్థిర విరుపు రోగులపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. మత్తు ఇచ్చి, ఎముకను సర్ది, కాలికి దగ్గరగా అమిరేలా శస్త్రవైద్యులే వేసిన పిండికట్టు ఆరు నెలల నాటికి ఆపరేషన్‌తో సమానమైన ఫలితమే ఇచ్చింది, అయితే కట్టు వేసినవారిలో దాదాపు ఐదో వంతు మందికి తర్వాత ఆపరేషన్ అవసరమైంది. గుండె జబ్బో, పలచని చర్మమో ఉన్న పెద్దవారి కుటుంబానికి ఈ సమాచారం ఊరట కలిగించేదే. కానీ అది నైపుణ్యంతో వేసి, మళ్లీ మళ్లీ ఎక్స్‌రేతో సరిచూసిన కట్టు గురించి చెప్పిన మాట.

మధుమేహం ఉన్నప్పుడు

నాడులు దెబ్బతిన్న మధుమేహ రోగికి చీలమండ విరిగినా నొప్పి పెద్దగా తెలియదు, అతను దానిపైనే నడుస్తాడు, ముక్కలు మరింత చెదురుతాయి, కొందరిలో కీలంతా కరిగి రూపు మారిపోయే షార్కో పాదం ఏర్పడుతుంది. ఎర్రగా, వేడిగా వాచిన పాదాన్ని చీము అనుకుని కోయడం కూడా ఈ స్థితిలో జరిగే పొరపాటు. ఇలాంటివారికి ప్లేట్లు, స్క్రూలు మామూలు కంటే ఎక్కువగా వాడి, బరువు మోపకుండా ఉంచే కాలాన్ని దాదాపు రెట్టింపు చేస్తారు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఎవన్‌సీ పరీక్ష ఆపరేషన్‌కు ముందే చేయించడం, కాలి రక్తనాళాల ప్రవాహం చూడటం, కట్టు లోపల పుండు పడుతుందేమోనని రోగి కంటే బంధువే గమనించడం అవసరం. బీడీ, సిగరెట్, గుట్కా, ఏ రూపంలో ఉన్నా పొగాకు గాయం మానడాన్నీ ఎముక అతకడాన్నీ ఆలస్యం చేస్తుంది. మానడానికి సరైన రోజు ఆసుపత్రిలో చేరిన రోజే.

ఇంటికి వచ్చాక

కట్టుతో ఇంటికి వచ్చిన రోగి కొన్ని లక్షణాలను నిద్రలో కూడా మరవకూడదు. నొప్పి మాత్రకు లొంగకుండా పెరుగుతూ, వేళ్లను మరొకరు కదిపితే భరించలేని బాధ పుట్టి, వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి కట్టు చీల్పించుకోవాలి. పిక్క వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు, అది ప్రాణాపాయం. కట్టు నుంచి దుర్వాసన, చీము మరక, జ్వరం కనిపిస్తే గాయాన్ని తెరిచి చూడాలి. దురద పుడితే కట్టు లోపలికి పుల్లలు, అల్లికసూదులు దూర్చకూడదు.

పథ్యం విషయంలో తెలుగు ఇళ్లలో ఉన్న అలవాటు మంచి కంటే చెడు ఎక్కువ చేస్తోంది. కందిపప్పు, గుడ్డు, గోంగూర, వంకాయ తింటే చీము పడుతుందని వారాలపాటు చారు అన్నంతో సరిపెట్టే కుటుంబాలు అనేకం. చీము బ్యాక్టీరియా వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం పూడటానికీ ఎముక అల్లుకోవడానికీ మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో, చేపలో ఉన్నాయి. రాగి సంకటి, నువ్వులు, ఆకుకూరలు కాల్షియాన్ని ఇస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తప్ప మిగతావారు వీటిని మానవలసిన కారణం లేదు.

బరువు ఎప్పుడు మోపాలన్న ప్రశ్నకు పాత జవాబు ‘ఆరు వారాల తర్వాత’. బ్రిటన్‌లో జరిగి 2024లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం, ఆపరేషన్ జరిగిన రెండు వారాలకే బరువు మోపినవారి ఫలితం ఆరు వారాలు ఆగినవారి కంటే తీసికట్టుగా లేదని తేల్చింది. అయితే నుజ్జయిన విరుపులకూ, నాడులు దెబ్బతిన్న మధుమేహ రోగులకూ దీన్ని వర్తింపజేయకూడదు కాబట్టి, ఎప్పుడు ఎంత బరువు అన్నది ఆపరేషన్ చేసిన వైద్యుడి చేత డిశ్చార్జి కాగితంపైనే రాయించుకోవాలి. చంకకర్రలతో మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు వేయాలి.

పాశ్చాత్య గ్రంథాలు అంతగా పట్టించుకోని ఒక అవసరం తెలుగువారికి ఉంది. చదునైన నేల మీద నడవడానికి పాదం పైకి పది డిగ్రీలు వంగితే సరిపోతుంది. గొంతుక్కూర్చోవడానికి దానికంటే చాలా ఎక్కువగా వంగాలి. నాటు వేసే కూలీకీ, కల్లాపి చల్లి ముగ్గు వేసే ఇల్లాలికీ, కమోడ్ లేని మరుగుదొడ్డి వాడే పెద్దాయనకూ, నమాజులో నుదురు నేలకు ఆనించి సుజూద్ చేసే వృద్ధుడికీ కావలసింది ఆ వంపు. కట్టు విప్పగానే పాదం పైకీ కిందికీ వంచడం, తువ్వాలుతో వేళ్లను తన వైపుకు లాగడం, గోడకు చేతులు ఆనించి పిక్కను సాగదీయడం, తర్వాత ఒంటికాలిపై నిలబడి తూకం సాధించడం రోజూ మూడు నాలుగు పూటలు చేయాలి. రోగి తన పని ఏమిటో, ఇంట్లో ఎలా కూర్చుంటాడో ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పాలి, లేకపోతే నడవగలిగిన రోజే వ్యాయామం ఆగిపోతుంది. మొదటి మూడు నెలలు కమోడ్ కుర్చీ వాడటంలో నామోషీ లేదు.

ఖర్చు భయంతో ఆసుపత్రికి రాని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉచిత వైద్య పథకం ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతోంది. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లి, ఏ రకం విరుపుకు ఏ మేరకు వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్య మిత్ర అనే పథకం సహాయకుడిని చేరిన రోజే అడగాలి.

వాపు సాయంత్రాలలో ఆరు నెలల నుంచి ఏడాదిదాకా కనిపించడం మామూలే. ఏడాది దాటినా మెట్లు దిగేటప్పుడు కీలు లోపల నొప్పి పుడుతున్నా, పాదం ఒకవైపుకు ఒరుగుతున్నా, గొంతుక్కూర్చోవడం కుదరకపోయినా, ‘ఎముక అతికింది కదా’ అని సరిపెట్టుకోకుండా మొదటి రోజు ఎక్స్‌రే నుంచి చివరిదాకా ఉన్న ఫిల్ములన్నీ వెంట తీసుకుని ఎముకల వైద్యుడికి మళ్లీ చూపించుకోవాలి. వంకరగా అతికిన చీలమండను మృదులాస్థి అరిగిపోకముందే సరిదిద్దే శస్త్రచికిత్సలు ఉన్నాయి, అరిగిపోయాక చాలామందికి కీలును కదలకుండా అతికించడమే మిగిలే చికిత్స.